తనంతట తాను మొదలయ్యే జనరేటర్: ఆ డబ్బాకు ఏమేం తెలియాలి

ఆటో స్టార్టర్ అంటే ఏమిటో తెలుగు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. ఆ వేళప్పుడు పొలానికి పోయి మోటారు వేయడమంటే పాముకో షాకుకో ఎదురెళ్లడమే. అందుకని స్టార్టర్ పక్కన ఇంకో చిన్న డబ్బా బిగించుకున్నారు. కరెంటు రాగానే బోరు మోటారు తనంతట తానే తిరిగేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆ డబ్బాలు తీసేయండని ప్రభుత్వమే రైతుల్ని కోరింది. ఎందుకంటే ఆ డబ్బాకు తెలిసింది కరెంటు వచ్చిన సంగతి ఒక్కటే. మడి నిండిందా, బోరులో నీళ్లున్నాయా, నిన్ననే తడి ఇచ్చారా అన్నవి దానికి పట్టవు. రైతు చెయ్యి చేసే పని అది చేసింది, రైతు కన్ను చేసే పని ఎవరికీ అప్పజెప్పకుండా మిగిలిపోయింది.

అమెరికాలో మోటార్‌హోమ్‌లకు బిగించే ఆటో జనరేటర్ స్టార్ట్ కంట్రోలర్‌దీ ఇదే సమస్య. మోటార్‌హోమ్ మన సినిమా షూటింగుల దగ్గర కనిపించే కారవాన్ జాతిదే: మంచం, వంటగది, స్నానాల గది, ఫ్రిజ్, పైకప్పు మీద ఏసీ, అన్నీ ఒకే బండిలో. క్యాంపు స్థలంలో ప్లగ్గు దొరికితే ఏ చింతా లేదు. 30 ఆంపియర్ల ప్లగ్గు 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు ఇస్తుంది. 50 ఆంపియర్ల ప్లగ్గులో రెండు లైన్లుంటాయి కాబట్టి 12,000 వాట్ల దాకా వాడుకోవచ్చు. ప్లగ్గు లేని అడవిలోనో ఎడారిలోనో బండి ఆపినప్పుడు మాత్రం బ్యాటరీలు, వాటి మీద నడిచే ఇన్వర్టర్, అవి దిగిపోతే బండి గూట్లో కూర్చున్న జనరేటర్, ఇవే దిక్కు. చాలా బండ్లలో అది కమిన్స్ ఒనాన్ కంపెనీది. డ్యాష్‌బోర్డు మీది చిన్న స్విచ్ నొక్కితే అందుకుంటుంది. ఆ స్విచ్ నొక్కే మనిషి, నొక్కే ముందు తనకు తెలియకుండానే ఎన్నో చూసుకుంటాడు. బ్యాటరీ మీటరు చూస్తాడు. బండి ఎక్కడ నిలబడి ఉందో అతనికి తెలుసు. పక్క బండివాళ్లు కిటికీలు తెరుచుకుని పడుకున్నారేమో గమనిస్తాడు. ఇంజను అందుకుందో లేదో చెవితో వింటాడు. కంట్రోలర్ పెట్టేటప్పుడు నొక్కే వేలిని మార్చడానికి రెండు మూడు వైర్లు చాలు. ఆ చూపూ, ఆ వినికిడీ కూడా వైర్ల రూపంలో ఇవ్వాలి. ఈ పనిలో కష్టమూ విలువా అక్కడే ఉన్నాయని, అవి ఇవ్వలేకపోతే చేతి స్విచ్‌తోనే సరిపెట్టుకోవడం మేలని నా వాదన.

తేలికైన భాగం ముందు చెబుతాను. ఒనాన్ స్విచ్ మధ్యలో నిలబడి ఉంటుంది. ఒకవైపు నొక్కితే స్టార్ట్, రెండోవైపు నొక్కితే స్టాప్, వదిలేస్తే మళ్లీ మధ్యకు వస్తుంది. లోపల జరిగేది ఇంతే: స్టార్ట్ నొక్కినంతసేపూ స్టార్ట్ వైరు నెగటివ్‌కు తగులుతుంది, స్టాప్ నొక్కితే స్టాప్ వైరు తగులుతుంది. ఇంకో వైరులో జనరేటర్ నడుస్తున్నప్పుడు మాత్రమే 12 వోల్టులు వస్తాయి. స్విచ్ మీది దీపం, గంటల మీటరు దాంతోనే పనిచేస్తాయి. కంట్రోలర్ వైర్లను పాత స్విచ్‌కు సమాంతరంగా కలపాలి. స్విచ్‌ను పీకేసి ఆ స్థానంలో పెట్టకూడదు. వైర్ల రంగుల్ని నమ్మడానికి లేదు. జనరేటర్ చేసినవాళ్లు ఇచ్చిన రంగు ఒకటి, బండి కట్టినవాళ్లు మధ్యలో అతికిన వైరు రంగు ఇంకొకటి కావచ్చు. మల్టీమీటరు పెట్టి, స్విచ్ నొక్కి చూసి, ఏది ఏదో తేల్చుకున్నాకే కలపాలి. నెగటివ్ కోసం దగ్గర్లో కనిపించిన ఛాసిస్ బోల్టుకు బాడీ ఎర్త్ ఇచ్చేయడం చాలామందికి అలవాటు. బోల్టు కొత్తగా ఉన్నన్నాళ్లు అది పనిచేస్తుంది. తుప్పు పట్టాక స్టార్ట్ వైరు పూర్తిగా నెగటివ్‌కు దిగదు. జనరేటర్ ఒక పూట అందుకుంటుంది, ఇంకో పూట అందుకోదు. నెగటివ్‌ను జనరేటర్ దగ్గర నుంచే వేరే వైరుగా తెచ్చుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

చెవి సంగతికి వద్దాం. విక్ట్రాన్ కంపెనీ సెర్బో జీఎక్స్ లాంటి పరికరాల్లో ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, ఉంటుంది. జనరేటర్ కావాలనుకున్నంతసేపూ అది మూసుకుని ఉంటుంది, వద్దనుకోగానే తెరుచుకుంటుంది. దీన్ని రెండు వైర్ల పద్ధతి అంటారు. ఒనాన్‌ది క్షణంపాటు నొక్కి వదిలే మూడు వైర్ల పద్ధతి. ఆ రిలేను తెచ్చి నేరుగా స్టార్ట్ వైరుకు కలిపితే, స్టార్ట్ బటన్ మీద గంటలకొద్దీ వేలు పెట్టి కూర్చున్నట్టే. మధ్యలో ఆట్కిన్‌సన్ లాంటి సంస్థలు అమ్మే మార్పిడి మాడ్యూల్ ఉండాలి. రిలే మూసుకోగానే అది కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టించి, నడుస్తున్నట్టు చెప్పే వైరులో 12 వోల్టులు వచ్చాయా అని చూస్తుంది. వస్తే వదిలేస్తుంది. రాకపోతే కాసేపు ఆగి మళ్లీ కొట్టిస్తుంది. అలా రెండు మూడుసార్లు చేసి, ఇక లాభం లేదనుకుంటే ఊరుకుంటుంది. ఈ ఊరుకోవడం చాలా ముఖ్యం. పెట్రోలు బండ్లలో జనరేటర్ బండి ట్యాంకు నుంచే తాగుతుంది గానీ దాని గొట్టాన్ని ట్యాంకు అడుగుదాకా దించరు. సుమారు పావు ట్యాంకు మిగలగానే జనరేటర్ ఆగిపోయేలా అమర్చుతారు, బంకు దాకా వెళ్లేందుకైనా పెట్రోలు మిగలాలని. ట్యాంకు అక్కడికి దిగిందని మనిషికి తెలుస్తుంది, కంట్రోలర్‌కు తెలియదు. ప్రయత్నాలకు హద్దు పెట్టకపోతే రాని పెట్రోలు కోసం అది సెల్ఫ్ కొట్టిస్తూనే ఉంటుంది, ముందు బ్యాటరీ పోతుంది, తర్వాత సెల్ఫ్ మోటారు. నడుస్తున్నట్టు చెప్పే వైరును కలపకుండా వదిలేస్తే ఇంకో తంటా. శుభ్రంగా నడుస్తున్న ఇంజనును నడవడం లేదనుకుని కంట్రోలర్ మళ్లీ సెల్ఫ్ కొట్టించబోతుంది. జనరేటర్ లోపలి బోర్డు అడ్డుపడుతుందిలే అనుకోవడం దాని మంచితనం మీద భారం వేయడమే.

స్టార్ట్, స్టాప్ వైర్లు రెండూ ఒకే రకంగా పనిచేస్తాయి కాబట్టి ప్రమాదంలోనూ సమానమే అనిపిస్తుంది. నిజానికి కాదు, ఈ తేడా పట్టుకుంటే మిగతా వైరింగంతా దానంతటదే అర్థమవుతుంది. స్టార్ట్ వైరు నెగటివ్‌కు తగిలితే జనరేటర్ మొదలవుతుంది. బండి బాడీ అంతా నెగటివే. అంటే ఆ వైరు మీది తొడుగు దారిలో ఎక్కడ ఒరుసుకుపోయి రాగి తీగ ఇనుముకు తగిలినా, ఎవరో స్టార్ట్ నొక్కినట్టే లెక్క. పదిహేను అడుగుల వైరంటే పదిహేను అడుగుల పొడవైన స్టార్ట్ బటన్. స్టాప్ వైరుకు ఇందుకు వ్యతిరేకమైన జబ్బు ఉంది: అది ఎక్కడ తెగినా జనరేటర్‌ను దూరం నుంచి ఆపలేం. ఒరుసుకోవడం, తెగడం, కదిలే బండిలో ఈ రెండూ మామూలే. స్టార్ట్ వైరు చెడితే జనరేటర్ మొదలవుతుంది, స్టాప్ వైరు చెడితే ఆగదు, రెండూ మనకు గిట్టని వైపే. అందుకే జనరేటర్ గూటి దగ్గరే ఒక తాళం స్విచ్ పెట్టాలి. చాలామంది దాన్ని కంట్రోలర్‌కు కరెంటిచ్చే వైరులో పెడతారు. అలా పెడితే కంట్రోలర్ నోరు మూగబోతుంది గానీ ఒరుసుకున్న వైరు మూగబోదు, పైగా స్టాప్ పంపే శక్తి కూడా పోతుంది. తాళం స్విచ్‌ను స్టార్ట్ వైరులో మాత్రమే, అదీ జనరేటర్‌కు ఆనుకుని పెడితే, దాన్ని ఆపినప్పుడు అవతలి పొడవంతా జనరేటర్‌కు సంబంధం లేకుండా పోతుంది, స్టాప్ దారి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇనుప రేకులో రంధ్రం గుండా వైరు వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్, మిగతా దారంతా కాండ్యూట్ గొట్టం ఉండాలి. ప్లస్ వైరుకు ఫ్యూజును బ్యాటరీ చివరనే పెట్టాలి, డబ్బా దగ్గర పెడితే మధ్య పొడవంతా రక్షణ లేనట్టే. మనిషి చేత్తో స్టాప్ నొక్కితే కంట్రోలర్ దాన్ని ఆజ్ఞగా తీసుకుని ఆటో నుంచి తప్పుకోవాలి. పది నిమిషాల తర్వాత బ్యాటరీ ఇంకా తక్కువగానే ఉంది కదా అని మళ్లీ మొదలెట్టే కంట్రోలర్‌ను కొనకూడదు.

బ్యాటరీని చూసే కన్ను విషయంలో ఎక్కువమంది వోల్టేజీ చాలనుకుంటారు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా, ఏ లోడూ లేకుండా కొన్ని గంటలు ఉంటే 12.7 వోల్టుల దగ్గర నిలుస్తుంది. సగానికి వస్తే దాదాపు 12.2, అడుగంటితే 11.8 ప్రాంతం. నిండు నుంచి ఖాళీ దాకా తేడా ఒక్క వోల్టు కూడా లేదు. మీటరు వైరును బ్యాటరీకి నేరుగా కాకుండా దూరంగా ఉన్న ఫ్యూజు ప్యానెల్ నుంచి తీసుకుంటే దారిలో 0.2 వోల్టు పోవడం వింతేమీ కాదు. ఆ 0.2 అంటే బ్యాటరీలో ఐదోవంతు. లోడు పడినప్పుడు పరిస్థితి ఇంకా అధ్వాన్నం. 1,500 వాట్లు లాగే మైక్రోవేవ్ ఓవెన్‌ను ఇన్వర్టర్ మీద వేస్తే బ్యాటరీ మీద సుమారు 140 ఆంపియర్లు పడతాయి. నిండు బ్యాటరీ కూడా ఆ క్షణంలో తల వంచుతుంది. పాలు కాచుకున్న ప్రతిసారీ జనరేటర్ లేవకుండా, వోల్టేజీ రెండు నిమిషాలో అంతకన్నా ఎక్కువో కిందే ఉంటేనే కదలమని కంట్రోలర్లలో గడువు పెడతారు. మైక్రోవేవ్‌కు ఆ గడువు సరిపోతుంది. గంటల తరబడి నడిచే లోడుకు సరిపోదు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల దగ్గరైతే వోల్టేజీ దాదాపు మూగది. ముప్పావు ఉన్నా, మూడోవంతే ఉన్నా 13.2 వోల్టుల చుట్టుపక్కలే చూపిస్తుంది. కిందకు పడటం మొదలెట్టాక ఇక ఎంతో సేపుండదు. కాబట్టి నెగటివ్ దారిలో కరెంటును కొలిచే షంట్ పెట్టి, లోపలికి వచ్చిందీ బయటికి పోయిందీ లెక్కగట్టి, శాతం చూసి మొదలెట్టే పద్ధతే నికరం. ఆపేటప్పుడూ వోల్టేజీ మోసం చేస్తుంది. చార్జరు ఎక్కగానే లెడ్ యాసిడ్ బ్యాటరీ 14.4 వోల్టులకు చేరుతుంది, నిండటానికి మాత్రం ఇంకా గంటలు పడుతుంది. ఆ అంకె చూసి ఆపేస్తే జనరేటర్ రోజుకు పదిసార్లు లేచి పడుకుంటుంది, బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

ముక్కు విషయంలో ఖర్చుకు వెనకాడకూడదు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మోటార్‌హోమ్‌లో అలారం ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ అది ఎప్పుడు మోగుతుందో చూడండి. అమెరికా యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల వంతులకు 70 వంతులుంటే అలారం గంట నుంచి నాలుగు గంటల లోపు మోగాలి, 400 వంతులుంటే 4 నుంచి 15 నిమిషాల లోపు. నిద్రలో ఉన్నవాళ్లకు అలారం ఆఖరి రక్షణ, మొదటి రక్షణ బండి నిలిచిన చోటు. సెలవులు అయిపోయి బండిని షెడ్డులో పెట్టి తలుపులు మూశారనుకోండి. ఆటో తీయడం మరిచారు. నాలుగు వారాలకు బ్యాటరీ దిగింది, మూసిన షెడ్డులో జనరేటర్ లేచింది. లేదా పెట్రోలు బంకులో ఇంజను ఆపి ట్యాంకు నింపుతున్న వేళ ఇన్వర్టర్ మీది ఫ్రిజ్ బ్యాటరీని కిందికి లాగింది. ఈ రెండు చోట్లా కంట్రోలర్‌కు తెలిసిన లెక్క ప్రకారం అది చేసింది సరైన పనే. దీనికి మందు ఇగ్నిషన్ తాళంలో ఉంది. బండి తాళం తిప్పిన ప్రతిసారీ ఆటో రద్దయిపోవాలి, కొత్త చోట నిలిచాక మనిషే వచ్చి చుట్టూ చూసి మళ్లీ బటన్ నొక్కాలి. కంట్రోలర్‌లో ఆ ఏర్పాటు లేకపోతే రెండు రిలేలతో చేసుకోవచ్చు. పుష్ బటన్ నొక్కితే మొదటి రిలే లాగుతుంది, తన కాంటాక్టుతోనే తనను పట్టుకుని ఉంటుంది, స్టార్ట్ వైరు దాని గుండా వెళుతుంది. ఇగ్నిషన్ వైరుతో పనిచేసే రెండో రిలే ఆ పట్టును తెంపుతుంది. కరెంటు పోయినా పట్టు తెగుతుంది, అదీ మనకు కావలసినదే. రిలే కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ పెట్టకపోతే, కాయిల్ వదిలేటప్పుడు వచ్చే వోల్టేజీ పోటుకు కంట్రోలర్ లోపలి ట్రాన్సిస్టర్ పోవచ్చు. ఆ రిలే రోజంతా తినే కరెంటు సుమారు 0.15 ఆంపియర్, 24 గంటలకు నాలుగు ఆంపియర్ అవర్లకు లోపు. ఆ మాత్రం ఇవ్వలేని బ్యాటరీ ఉన్నవాళ్లు జనరేటర్‌తో కాదు, బ్యాటరీ కొట్టుతో మాట్లాడాలి. రిలే అవుట్‌పుట్ ఉన్న మోనాక్సైడ్ అలారం దొరికితే దాన్నీ ఈ గొలుసులో కలపాలి, మోగగానే స్టార్ట్ దారి తెగేలా, స్టాప్ వైరు నెగటివ్‌కు తగిలేలా.

మర్యాదకు కూడా వైరింగ్ లాంటిదే ఒకటి ఉంది, కంట్రోలర్ గడియారం. అమెరికా జాతీయ పార్కుల సాధారణ నియమాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు కూడదు. యొసెమిటీలో ఇంకా గట్టి: ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7, ఈ వేళల్లోనే జనరేటర్ వేసుకోనిస్తారు. రాత్రిని గడియారంలో మూసేయడంతో సరిపోదు, సాయంత్రమే బ్యాటరీ నింపేలా శాతాన్ని ఆ వేళకు పెంచి పెట్టాలి. లేకపోతే తెల్లవారుజామున ఆకలిగొన్న బ్యాటరీ ఆరు కొట్టేదాకా ఎదురుచూస్తుంది, ఆ నిమిషానికి క్యాంపంతా లేస్తుంది. జనరేటర్‌ను నెలకోసారైనా సగం లోడు మీద గంటకు పైగా తిప్పమని తయారీదారులు చెప్పే మాట నిజమే. కంట్రోలర్లు ఆ పని కూడా మేమే చేస్తామంటాయి. నేనైతే ఆ సౌకర్యాన్ని తెరవనివ్వను. దాని అవసరం పడేదే బండి ఎవరూ లేకుండా నిలిచి ఉన్న కాలంలో.

ఇంత తతంగం ఎందుకు, సోలార్ పలకలూ లిథియం బ్యాటరీలూ వచ్చాక జనరేటరే వద్దు కదా అని అడిగేవాళ్లున్నారు. దీపాలకూ ఫ్రిజ్‌కూ వాళ్ల మాట నిజం. ఏసీ దగ్గర లెక్క తప్పుతుంది. పైకప్పు మీది 13,500 బీటీయూ ఏసీ సుమారు 1,500 వాట్లు లాగుతుంది. 400 వాట్ల పలకలు మంచి ఎండ రోజున ఇచ్చేది దాదాపు 2 యూనిట్లు, అంటే ఏసీకి గంట పైచిలుకు. అరిజోనా ఎండలో గంట ఎందుకూ కొరగాదు. ఇంకో అభ్యంతరం గట్టిది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కుక్కను బండిలో ఏసీలో ఉంచి మ్యూజియంకో భోజనానికో వెళతారు, క్యాంపు కరెంటు పోతుంది, లోపల వేడి పెరుగుతుంది. అలాంటప్పుడు తనంతట తాను లేచే జనరేటర్ ప్రాణం కాపాడుతుంది, ఇన్ని అడ్డంకులు పెడితే ఆ ఒక్క వేళ లేవకపోతే ఎలా అంటారు. ఉష్ణోగ్రత చూసి మొదలెట్టడం ఈ కంట్రోలర్‌కు ఉన్న అన్నిటికన్నా న్యాయమైన ఉపయోగమని నేనూ ఒప్పుకుంటాను. అయితే పెట్రోలు అయిపోతే, సెల్ఫ్ చెడితే, ఏ అడ్డంకీ లేకున్నా అది లేవదు. ఆ కుక్కకు అసలు రక్షణ, లోపలి వేడి ఇంత దాటిందని యజమాని ఫోనుకు కబురు పంపే వేరే పరికరం, పది నిమిషాల్లో తిరిగి రాగల దూరం. అడ్డంకులు తీసేసినంత మాత్రాన జనరేటర్ నమ్మకస్తుడు కాదు. మూడో అభ్యంతరం, వైర్లు పెరిగితే చెడేవీ పెరుగుతాయని. పెరుగుతాయి. కానీ ఇక్కడ కలిపిన రిలేలు చెడితే చాలావరకు జనరేటర్ లేవకపోవడం వైపే చెడేలా కలిపాం. అప్పుడు పోయేది చల్లదనం, మనిషి వచ్చి చేత్తో నొక్కుకోవచ్చు. వారం రోజులకు బండి అద్దెకు తీసుకునే కుటుంబానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. ఆటో ఉంటే దాన్ని ఆపేసి, డ్యాష్‌బోర్డు స్విచ్ వాడుకోవడమే సుఖం.

120 వోల్టుల వైపు కంట్రోలర్‌కు పనే లేదు. జనరేటర్ కరెంటూ క్యాంపు ప్లగ్గు కరెంటూ ఎన్నడూ కలవకుండా చూసేది ట్రాన్స్‌ఫర్ స్విచ్. అమెరికా జాతీయ విద్యుత్ కోడ్ 551వ ప్రకరణం మోటార్‌హోమ్‌ల లాంటి బండ్ల కోసమే రాసినది, రెండు కరెంటులు కలవకూడదన్న నియమం అందులో ఉంది. జనరేటర్ లేచాక అర నిమిషం దాకా ఆగి, వేగం కుదురుకున్నాకే ఆ స్విచ్ లోడును దాని మీదికి మారుస్తుంది. కంట్రోలర్ వైర్లను ఆ డబ్బాలోకి దూర్చకుండా ఉంటే చాలు.

పని అయ్యాక అందరూ చేసే పరీక్ష జనరేటర్ లేస్తోందా అని. అది ఒక్క నిమిషంలో తేలిపోతుంది. లేవకూడని చోట లేవకుండా ఉందా అన్న పరీక్షకు ఒక పూట కేటాయించాలి. ఆటోలో ఉంచి బండి తాళం తిప్పి చూడాలి. గూటి దగ్గరి తాళం స్విచ్ ఆపేసి, డ్యాష్‌బోర్డు దగ్గర స్టార్ట్ వైరును కావాలనే బాడీకి ముట్టించి చూడాలి. అలారం పరీక్ష బటన్ నొక్కినప్పుడు నడుస్తున్న జనరేటర్ ఆగిందా, చేత్తో ఆపాక పావుగంటలో మళ్లీ లేచిందా చూడాలి. జనరేటర్‌కు పెట్రోలు అందకుండా ఆపితే ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టి ఊరుకుందో లెక్కపెట్టాలి. ఆ తర్వాత గూటి తలుపు లోపలి వైపు, ఏ రంగు వైరు ఏ పని చేస్తుందో రాసిన కాగితం అతికించి, దాని పైన పెద్ద అక్షరాలతో ఈ జనరేటర్ చెప్పకుండా మొదలవుతుందని, చెయ్యి పెట్టే ముందు దాని బ్యాటరీ నెగటివ్ వైరు విప్పమని రాయాలి. ఆయిలు మార్చడానికి వచ్చే మెకానిక్‌కు పైన చెప్పిన రిలేల సంగతి ఏదీ తెలియదు.